పోటుపాటుల లెక్కతో నీల్ దీవి తీరాన్ని చుట్టిరావడం: సమగ్ర మార్గదర్శి

అండమాన్ యాత్రకు వెళ్ళే మనవాళ్ళలో చాలామంది నీల్ దీవికి ఒక్క పూట మాత్రమే కేటాయిస్తారు. పొద్దున పడవ దిగి, ఆటో ఎక్కి, మూడు బీచులు చుట్టి, ఫొటోలు తీసుకుని, సాయంత్రం పడవకు మళ్ళీ జెట్టీకి చేరతారు. ఇంటికి వచ్చాక వారిలో కొందరు సముద్రం తొలిచిన రాతి వంతెన దగ్గరకు వెళ్ళనే లేకపోయామని, భరత్‌పూర్ తీరంలో మోకాలి లోతు నీళ్ళే ఉన్నాయని, ఫొటోల్లో చూసిన సముద్రం తమకు కనిపించలేదని అంటారు. తప్పు దీవిది కాదు. పోటుపాటుల వల్ల, అంటే సముద్రపు నీళ్ళు ఎక్కి దిగడం వల్ల, ఈ తీరం రోజుకు నాలుగు సార్లు రూపు మార్చుకుంటుంది. నీళ్ళు నిండుగా ఉన్నప్పుడు చూడవలసిన చోటికి నీళ్ళు లాగేసినప్పుడు వెళ్ళినా, లాగేసినప్పుడు వెళ్ళవలసిన చోటికి నిండుగా ఉన్నప్పుడు వెళ్ళినా చేతికి చిక్కేది సగమే. అందువల్ల ఈ మార్గదర్శిలో చూడవలసిన స్థలాల వరుసను కాక, ఏ వేళకు ఏ తీరంలో ఉండాలో నిర్ణయించుకునే పద్ధతిని వివరిస్తున్నాను. ఈ పద్ధతిని పాటించడానికి కనీసం రెండు రాత్రులు దీవిలో ఉండాలి. అంతకన్నా తక్కువ వ్యవధి ఉన్నవారు ఒక్క తీరాన్ని ఎంచుకుని దాన్నే నిదానంగా చూడడం మంచిది.

ముందుగా దీవి రూపాన్ని మనసులో గీసుకోవడం

నీల్ దీవి దక్షిణ అండమాన్ జిల్లాలో, రిచీ ద్వీపసమూహంలో ఉంది. 2018 డిసెంబరు 30న దీనికి శహీద్ ద్వీప్ అని అధికారికంగా పేరు పెట్టారు. నేతాజీ సుభాష్ చంద్రబోస్ 1943 డిసెంబరు 30న పోర్ట్ బ్లెయిర్‌లో జెండా ఎగురవేసిన సందర్భానికి గుర్తుగా 75 ఏళ్ళ తరువాత అదే తేదీన ఈ మార్పు జరిగింది. పక్కనున్న హావ్‌లాక్ దీవి ఆ రోజే స్వరాజ్ ద్వీప్ అయింది. పోర్ట్ బ్లెయిర్‌కు 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అని పేరు మార్చారు. టికెట్ల మీద, బోర్డుల మీద పాత పేర్లూ కొత్త పేర్లూ కలగలిసి కనిపిస్తాయి కాబట్టి రెండూ గుర్తుంచుకోవాలి.

దీవి చిన్నది. ఒక కొస నుంచి ఇంకో కొసకు వెళ్ళే దారి ఏడెనిమిది కిలోమీటర్లకు మించదు. ఒకప్పటి తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన బెంగాలీ శరణార్థి కుటుంబాలను 1960లలో ఇక్కడ స్థిరపరిచారు. వారు అడవి కొట్టి పొలాలు చేసుకున్నారు. ఈనాటికీ చుట్టుపక్కల దీవులకు కూరగాయలు ఇక్కడి నుంచే వెళ్తాయి. సీతాపూర్, భరత్‌పూర్, లక్ష్మణపూర్, రామ్‌నగర్ అనే ఊళ్ళ పేర్లు రామాయణం నుంచి వచ్చినవే. జెట్టీ ఉత్తరపు ఒడ్డున ఉంది. జెట్టీకి నడిచి వెళ్ళేంత దూరంలోనే భరత్‌పూర్ తీరం ఉంటుంది. కొద్దిగా లోపలికి వెళ్తే నీల్ కేంద్ర అనే బజారు వస్తుంది. పడమటి వైపు సుమారు రెండు కిలోమీటర్ల దూరంలో లక్ష్మణపూర్ ఒకటవ నంబరు తీరం ఉంది. రాతి వంతెన ఉన్న తీరాన్ని లక్ష్మణపూర్ రెండవ నంబరు అంటారు. ఆగ్నేయపు కొసన, జెట్టీకి సుమారు అయిదు కిలోమీటర్ల దూరంలో సీతాపూర్ ఉంది. ఈ నాలుగు తీరాలూ నాలుగు వేర్వేరు దిక్కులకు తెరుచుకుని ఉంటాయన్న సంగతి మొదట గుర్తుంచుకోవాలి. గాలి ఎటు నుంచి వీస్తోందో చూసుకుని, దానికి ఎదురుగా ఉన్న తీరాన్ని వదిలి, దీవి చాటున ఉన్న తీరానికి వెళ్తే అదే రోజు అదే గంటలో ప్రశాంతమైన నీళ్ళు దొరుకుతాయి.

నెలను, తిథిని ఎంచుకోవడం

డిసెంబరు చివరి నుంచి ఏప్రిల్ వరకు సముద్రం సాధారణంగా నెమ్మదిగా ఉంటుంది. మే నెలాఖరు నుంచి సెప్టెంబరు వరకు నైరుతి రుతుపవనాలు వీస్తాయి. ఆ రోజుల్లో నీళ్ళు కలకబారి ఉంటాయి, పడవలు రద్దు కావడమూ మామూలే. అక్టోబరు, నవంబరులలో వాయుగుండాల భయం ఉంటుంది. నా మటుకు ఫిబ్రవరి, మార్చి నెలలే అన్నిటికన్నా మేలు.

నెల కుదిరాక చాలామంది సెలవులు చూసుకుని తేదీలు నిర్ణయిస్తారు. అంతకుముందు ఒకసారి పంచాంగం తెరవమని నా సలహా. అమావాస్యకు, పౌర్ణమికి సూర్యచంద్రుల ఆకర్షణ ఒకే వరుసలో పనిచేయడం వల్ల పోటు బాగా ఎక్కుతుంది, పాటు బాగా దిగుతుంది. ఆ తిథుల తరువాత ఒకటి రెండు రోజులు కూడా ఆ ఉధృతి ఉంటుంది. అష్టమి ప్రాంతంలో ఈ తేడా బాగా తగ్గిపోతుంది. ఇక్కడ పెద్ద పోటుల రోజుల్లో నీటిమట్టం సుమారు 2 మీటర్ల వరకు ఎక్కి దిగుతుంది. అష్టమి రోజుల్లో అందులో సగం కూడా ఉండకపోవచ్చు. రాతి వంతెన చుట్టూ ఉన్న మడుగుల్లో జలచరాలను చూడాలన్నది ముఖ్య ఉద్దేశమైతే అమావాస్య, పౌర్ణమి రోజులను ఎంచుకోవాలి. పిల్లలతో ఈత కొట్టడం, నీళ్ళలో ముఖం పెట్టి పగడాలు చూడడం ముఖ్యమైతే ప్రవాహాలు మెత్తగా ఉండే అష్టమి ప్రాంతం నయం.

పోటుపాటులను చదవడం

నీళ్ళు ఎక్కడాన్ని పోటు అని, దిగడాన్ని పాటు అని, కొన్నిచోట్ల ఆటు అని మన కోస్తాలో అంటారు. నీల్ దీవిలో రోజుకు రెండు పోటులు, రెండు పాటులు వస్తాయి. నిండు పోటు నుంచి నిండు పాటుకు సుమారు ఆరుంపావు గంటల సమయం పడుతుంది. చంద్రుడు రోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా ఉదయిస్తాడు కాబట్టి పోటుపాటులు కూడా రోజుకు సుమారు 50 నిమిషాల చొప్పున ఆలస్యమవుతూ వస్తాయి. ఈ ఒక్క లెక్క తెలిస్తే చాలు. మీరు దిగిన రోజు నీళ్ళు అట్టడుగుకు దిగిన వేళ మధ్యాహ్నం 2 గంటలైతే, మర్నాడు 2.50 ప్రాంతంలో, ఎల్లుండి 3.40 ప్రాంతంలో పాటు వస్తుంది. అష్టమి దగ్గర ఈ జరుగుబాటు కొంత పెరుగుతుంది, పౌర్ణమి అమావాస్యల దగ్గర కొంత తగ్గుతుంది. కానీ రెండు రోజుల ప్రణాళికకు ఆ తేడా అడ్డం కాదు. పదిహేను రోజులు గడిచేసరికి పాటు మళ్ళీ ఇంచుమించు అదే వేళకు వస్తుంది. అందువల్ల ఒక అమావాస్యకు వేళ తెలిస్తే వచ్చే పౌర్ణమికి కూడా తెలిసినట్టే.

ఖచ్చితమైన వేళల కోసం భారత సర్వేక్షణ విభాగం ఏటా ప్రచురించే పోటుపాటుల పట్టికలో పోర్ట్ బ్లెయిర్ పేజీ చూడాలి. ఫోన్‌లో దొరికే టైడ్ యాప్‌లలో కూడా పోర్ట్ బ్లెయిర్ పేరు కొడితే వేళలు వస్తాయి. అలలు, ఈదురుగాలుల హెచ్చరికలకు హైదరాబాద్ ప్రగతినగర్‌లో ఉన్న భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం, అంటే ఇన్‌కాయిస్, వెలువరించే సూచనలు చూడాలి. దేశంలోని మత్స్యకారులందరికీ సముద్రస్థితిని ముందుగా తెలియజేసే సంస్థ మన హైదరాబాద్‌లోనే ఉందన్న సంగతి చాలామందికి తెలియదు. నేను తీరానికి వెళ్ళే ప్రతిసారీ ముందురోజు రాత్రి ఆ సూచన చూసి పడుకుంటాను.

పట్టిక చెప్పని విషయం ఒకటుంది. నీళ్ళు ఒకే వేగంతో ఎక్కవు. నిండు పాటు తరువాత మొదటి గంటలో మొత్తం ఎత్తులో పన్నెండో వంతు మాత్రమే ఎక్కుతాయి. రెండవ గంటలో రెండు వంతులు, మూడు నాలుగు గంటల్లో ఒక్కొక్క గంటకు మూడేసి వంతులు ఎక్కుతాయి. ఆ తరువాత మళ్ళీ వేగం తగ్గుతుంది. 2 మీటర్ల పోటు ఉన్న రోజున దీన్ని లెక్క వేస్తే, మొదటి గంటలో సుమారు 17 సెంటీమీటర్లు ఎక్కిన నీరు మూడవ గంట ఒక్కదానిలోనే అర మీటరు ఎక్కుతుంది. మొదటి గంట చూసి ఇంకా చాలా సమయం ఉందనుకునేవారు మూడవ గంటలో చిక్కుకుంటారు. రాతి తీరాల్లో జరిగే ఇబ్బందుల్లో ఎక్కువ భాగం ఇలా జరిగేవే.

చేరుకోవడం, బస చేయడం

హైదరాబాద్, విశాఖపట్నాల నుంచి శ్రీ విజయపురానికి విమానంలో వెళ్ళవచ్చు. విశాఖ నుంచి ప్రయాణికుల ఓడ కూడా ఉంది. రెండు రోజులకు పైగా పట్టే ఆ ప్రయాణం చేయాలనుకునేవారు ఓడ తేదీలు తెలుసుకుని, దాని ప్రకారం మిగతా యాత్రను కూర్చుకోవాలి. శ్రీ విజయపురం నుంచి నీల్‌కు ప్రభుత్వ పడవలు ఫీనిక్స్ బే జెట్టీ నుంచి బయలుదేరి సుమారు రెండు గంటల్లో చేరుస్తాయి. ప్రైవేటు పడవలు అంతకన్నా కొంచెం వేగంగా వెళ్తాయి. రద్దీ రోజుల్లో టికెట్లు ముందే అయిపోతాయి. గుర్తింపు కార్డు లేనిదే పడవ ఎక్కనివ్వరు. భారతీయులకు ఈ దీవికి ప్రత్యేక అనుమతి పత్రం అవసరం లేదు. విదేశీ పాస్‌పోర్టుతో వచ్చే తెలుగువారు బయలుదేరే ముందే ప్రవేశ నిబంధనలు చూసుకోవాలి. పడవ కుదుపులకు కడుపులో తిప్పే అలవాటున్నవారు డాక్టరును అడిగి, ప్రయాణానికి ముందు మాత్ర వేసుకోవాలి. పడవ కదిలాక వేసుకుంటే అంతగా ఫలితం ఉండదు.

బస ఎక్కడైనా ఫరవాలేదు, దూరాలు తక్కువ. సైకిలు గానీ స్కూటరు గానీ అద్దెకు తీసుకోవడం ఉత్తమం, ఎందుకంటే పాటు వేళకు ఆటో కోసం ఎదురుచూస్తూ కూర్చోవడం కుదరదు. ఏటీఎంల మీద, ఫోన్ సిగ్నల్ మీద ఆధారపడకుండా నగదు దగ్గర పెట్టుకోవాలి. పోటుపాటుల వేళలు, పటం ముందే ఫోన్‌లో భద్రపరచుకోవాలి. పట్టు ఉన్న, మడమ మూసిన నీటి చెప్పులు ఒక జత తప్పనిసరి. హవాయి చెప్పులు రాతి మీద జారిపోతాయి, ఇసుకలో తెగిపోతాయి. నూలు టోపీ, పొడుగు చేతుల పలుచని చొక్కా, చేతిలోంచి జారిపోకుండా మెడలో వేసుకునే నీళ్ళ సీసా, ఒక టార్చిలైటు ఉంటే చాలు.

గడియారం విషయంలో ఒక హెచ్చరిక. మన దేశ సమయం కాకినాడకు సమీపంగా వెళ్ళే 82.5 డిగ్రీల రేఖాంశాన్ని బట్టి నడుస్తుంది. నీల్ దీవి సుమారు 93 డిగ్రీల దగ్గర ఉంది. అందువల్ల ఇక్కడ సూర్యుడు మన గడియారం లెక్కకన్నా సుమారు 40 నిమిషాలు ముందు నడుస్తాడు. డిసెంబరులో సాయంత్రం 5 గంటల ప్రాంతంలోనే పొద్దుగూకుతుంది. ఏప్రిల్‌లో 5 దాటగానే తెల్లవారిపోతుంది. హోటల్‌లో తొమ్మిదింటికి ఫలహారం చేసి బయలుదేరే అలవాటును ఈ రెండు రోజులు పక్కన పెట్టాలి.

మొదటి సాయంత్రం: లక్ష్మణపూర్ ఒకటవ నంబరు

దిగిన రోజు సామాను గదిలో పెట్టి, సూర్యాస్తమయానికి రెండు గంటల ముందు ఈ తీరానికి చేరుకోవాలి. తెల్లని ఇసుక చాలా దూరం సాగే తీరం ఇది. ఒడ్డుకు ముందు రాతి పలక పరచుకుని ఉంటుంది కాబట్టి పాటు వేళ నీళ్ళు చాలా దూరం వెళ్ళిపోతాయి, అప్పుడు ఈత కొట్టడానికి వీలుండదు. పోటు వేళ అదే పలక మీద నీళ్ళు లేత ఆకుపచ్చగా నిలబడతాయి. ఈ తీరాన్ని నడకకే ఉంచుకోవడం మంచిది. దారి వచ్చి కలిసే చోట జనం గుమికూడి ఉంటారు. పది నిమిషాలు పక్కకు నడిస్తే ఎవరూ ఉండరు.

ఇక్కడ ఒకచోట కూర్చుని గుప్పెడు ఇసుక అరచేతిలో పోసుకుని చూడండి. మన విశాఖ, మచిలీపట్నం ఇసుకలా ఇది నదులు మోసుకొచ్చిన రాతిపొడి కాదు. ఇందులో సూదిమొన లాంటి పగడపు ముక్కలు, గవ్వల పెంకులు, లోపల గదులున్న సన్నని గింజల్లాంటి సూక్ష్మజీవుల గుల్లలు ఉంటాయి. పగడాన్ని ముక్కుతో గీకి తినే చిలుకచేపలు విసర్జించిన పొడి కూడా దీనిలో భాగమే. దీవి చుట్టూ ఉన్న పగడాలు బతికి ఉన్నంతవరకే ఈ తెల్లని ఇసుకకు సరఫరా ఉంటుంది. పగడం మీద అడుగు పెట్టవద్దని ఇకముందు నేను చెప్పే ప్రతి మాటకూ ఈ గుప్పెడు ఇసుకే కారణం.

చీకటి పడ్డాక వెళ్ళేటప్పుడు టార్చి నేల వైపు పట్టుకోవాలి. గవ్వలను ఇల్లుగా మోసుకుని తిరిగే శంఖపు పీతలు ఆ వేళకు వందల కొద్దీ ఇసుక మీదికి వస్తాయి.

రెండవ రోజు తెల్లవారుజాము: సీతాపూర్

సూర్యోదయానికి అరగంట ముందే ఇక్కడ ఉండాలి. దారి పొలాల మధ్య నుంచి, అరటి, పోక తోటల మధ్య నుంచి వెళ్తుంది. ఈ తీరం విశాల సముద్రానికి తెరుచుకుని ఉంటుంది, అడ్డుకునే పగడపు గట్టు దగ్గరలో లేకపోవడంతో అలలు నేరుగా ఒడ్డును కొడతాయి. ఇక్కడ ఈతకు దిగవద్దు. నిండు పోటులో ఇసుక మేర బాగా కుంచించుకుపోతుంది. పాటు వేళ అయితే పక్కనున్న సున్నపురాతి గట్టు కింద అలలు తొలిచిన బొరియలు, గుహల్లాంటి కోతలు కనిపిస్తాయి. వాటిని బయటి నుంచే చూడాలి. గట్టు కింద నిలబడడం మంచిది కాదు, పై నుంచి రాళ్ళు ఊడిపడతాయి.

తిరిగి వచ్చే దారిలో రామ్‌నగర్ తీరానికి పక్కదారి ఉంది. జనం తక్కువగా వచ్చే ఆ తీరాన మొగలి పొదలు, నీళ్ళ మీదికి ఒరిగిన పెద్ద చెట్లు నీడనిస్తాయి. ఉదయపు ఎండ ముదిరేలోగా ఒక గంట అక్కడ గడపవచ్చు.

రాతి వంతెన: పాటుకు గంటన్నర ముందు బయలుదేరడం

లక్ష్మణపూర్ రెండవ నంబరు తీరంలో సముద్రం తొలిచిన కమాను ఒకటి నిలబడి ఉంది. స్థానిక బెంగాలీలు దాన్ని హౌరా వంతెన అంటారు. అది పాతకాలపు పగడపు సున్నపురాయి. కింది మెత్తని పొరను అలలు వేల ఏళ్ళుగా తొలుచుకుంటూ పోగా పై భాగం వంతెనలా మిగిలింది. చెట్ల నీడలో కొంతదూరం నడిచి, కొబ్బరిబోండాల దుకాణాలు దాటి దిగితే ఒడ్డు వస్తుంది. అక్కడి నుంచి రాళ్ళ మీదుగా నడవాలి. పోటు వేళ ఆ దారి నీళ్ళలో మునిగి ఉంటుంది.

పాటుకు గంటన్నర ముందు ఒడ్డున ఉండాలి. నీళ్ళు దిగుతూ ఉండగా వాటి వెనకే నడవడం అన్నిటికన్నా భద్రమైన పద్ధతి, ఎందుకంటే మీరు నడిచే దారి అంతకంతకూ పొడిబారుతుంది. నిండు పాటు వేళకు వంతెన దగ్గర ఉండి, చుట్టూ మడుగులు చూసి, పాటు దాటిన ముప్పావు గంటలోపు ఒడ్డుకు తిరుగుముఖం పట్టాలి. దారి చూపే స్థానికులు అక్కడే ఉంటారు. మొదటిసారి వచ్చినవారు కొద్దిపాటి రుసుము ఇచ్చి వారిని వెంట తీసుకువెళ్ళాలని నా గట్టి సలహా. వారు చూపించకపోతే మన కళ్ళకు రాయి రాయిగానే కనిపిస్తుంది.

మడుగు దగ్గర వంగి, నీడ నీళ్ళ మీద పడకుండా రెండు నిమిషాలు కదలకుండా కూర్చోవాలి. మొదట ఏమీ కనిపించదు. కాసేపటికి నల్లని తోలు తిత్తిలా పడి ఉన్నది ఒక సముద్ర దోసకాయ అని తెలుస్తుంది. రాతి సందులో దారాల్లా కదిలేవి పెళుసు నక్షత్రపు చేపల చేతులు. రాతిలో కూరుకుపోయిన ఆల్చిప్ప అంచులు నీలం, ఊదా రంగుల్లో ముడతలు పడి ఉంటాయి, మన నీడ పడగానే అవి చటుక్కున మూసుకుంటాయి. వేలితో ముట్టుకుని చూడాలన్న కోరిక పిల్లలకే కాదు, పెద్దలకూ కలుగుతుంది. ముట్టుకోకూడదు, ఎత్తి చేతిలో పెట్టమని దారి చూపేవారిని అడగనూ కూడదు. పాటు వేళ ఎండలో కాగిన కొద్దిపాటి నీళ్ళలో ఆ ప్రాణులు అతి కష్టం మీద నెట్టుకొస్తూ ఉంటాయి.

అడుగు ఎక్కడ వేయాలన్నది ఇక్కడి అసలు విద్య. ఇసుక కనిపించే చోట, లేదా ఏమీ పెరగని తెల్లని పొడి రాతి మీద అడుగు వేయాలి. ఆకుపచ్చ నాచు ఉన్న చోట జారుతుంది. గోధుమరంగులో మెత్తగా, బొడిపెలుగా కనిపించేది బతికి ఉన్న పగడం, దాని మీద కాలు మోపకూడదు.

నేను మొదటిసారి వెళ్ళినప్పుడు ఈ లెక్కలేవీ నాకు తెలియవు. శ్రీ విజయపురంలోని జంగ్లీఘాట్‌లో స్థిరపడిన ఒక తెలుగు మత్స్యకారుడు, శ్రీకాకుళం వైపు మూలాలున్న పెద్దాయన, మాతో కలిసి వచ్చారు. నేను మడుగుల మీద వంగి ఫొటోలు తీస్తుండగా ఆయన నీళ్ళ అంచున ఒక రాయిని చూస్తూ నిలబడి, ‘నీళ్ళు నిలబడిపోనాయి బాబూ. ఇంక పోటు తిరగతాది, మనం కూడా తిరగాల’ అన్నారు. ఇంకా ఒక్క పది నిమిషాలు అంటూ నేను గంటకు పైగా జాప్యం చేశాను. తిరిగి వచ్చేటప్పుడు, వెళ్ళేటప్పుడు పొడిగా ఉన్న రాళ్ళన్నీ మోకాలి లోతు నీళ్ళ కింద ఉన్నాయి. లోతు భయపెట్టలేదు కానీ, అలలు కదిలిస్తున్న నీళ్ళలో గుంట ఎక్కడుందో, పగడం ఎక్కడుందో కనిపించలేదు. రెండుసార్లు కాలు జారింది, పిక్క గీరుకుపోయింది, ఎన్ని బతికున్న పగడాల మీద కాలు వేశానో నాకే తెలియదు. ఆయన మాత్రం ముందు నడుస్తూ, ప్రతి అడుగుకూ ముందు కర్రతో తడిమి, నా చేయి పట్టుకుని ఒడ్డుకు చేర్చారు. అప్పటి నుంచి వెళ్ళిన ప్రతి చోటా నీళ్ళ అంచున ఒక రాయిని గుర్తు పెట్టుకుంటాను. ఆ రాయి అడుగు తడవడం మొదలైందంటే, చేతిలో ఏ పని ఉన్నా వదిలి వెనక్కు తిరుగుతాను. మీరూ అదే చేయండి.

భరత్‌పూర్: నిండు నీళ్ళలోకి దిగడం

రాతి వంతెనకు పూర్తి వ్యతిరేకమైన లెక్క ఇక్కడ పనిచేస్తుంది. పోటు సగానికి పైగా ఎక్కిన వేళకు, ఎండ నిలువుగా పడే పూట రావాలి. నీళ్ళు తక్కువగా ఉన్నప్పుడు పగడాల మీదుగా ఈదితే పొట్ట, మోకాళ్ళు వాటికి తగులుతాయి, మనకూ గాయాలు, వాటికీ గాయాలు. అడుగున అద్దం ఉన్న పడవలు, నీళ్ళ ఆటలు అన్నీ ఈ తీరంలోనే ఉంటాయి. ఈత రానివారికి అద్దం పడవ మంచిదే. నీళ్ళలో ముఖం పెట్టి చూసే స్నార్కెలింగ్‌కు మాత్రం పడవలు తిరిగే మేరకు దూరంగా, లైఫ్ జాకెట్ వేసుకుని, దారి తెలిసిన మనిషితో వెళ్ళాలి.

మాస్కు ముందుగా ఒడ్డునే వేసి చూసుకోవాలి. పట్టీ తలకు తగిలించకుండా మాస్కును ముఖానికి ఆనించి ముక్కుతో గాలి లోపలికి పీల్చినప్పుడు అది పడిపోకుండా అతుక్కుని ఉంటే సరిపోయినట్టు. నడుము లోతు నీళ్ళలో నిలబడి, గొట్టంతో నోటి ద్వారా ఊపిరి పీల్చడం అయిదు నిమిషాలు అలవాటు చేసుకున్నాకే లోపలికి కదలాలి. అలసట వస్తే నిలబడడానికి కాలు కిందికి చాపడం అందరూ చేసే పొరపాటు, ఎందుకంటే ఆ కాలు పగడం మీదే పడుతుంది. వెల్లకిలా తిరిగి తేలడం ముందే నేర్చుకోవాలి. సన్‌స్క్రీన్ క్రీముల్లో కొన్ని పగడాలకు హాని చేస్తాయి. క్రీము బదులు పొడుగు చేతుల చొక్కా వేసుకోవడం మేలు.

అండమాన్ పగడాలు 2010లో సముద్రం విపరీతంగా వేడెక్కడంతో పెద్దయెత్తున తెల్లబారాయి. పగడపు జీవి లోపల ఉండే సూక్ష్మ శైవలాలే దానికి రంగునూ, ఆహారంలో ఎక్కువ భాగాన్నీ ఇస్తాయి. నీరు వేడెక్కితే అవి వెళ్ళిపోతాయి, తెల్లని అస్థిపంజరం బయటపడుతుంది. భరత్‌పూర్‌లో చచ్చిన పగడాల కుప్పలూ కనిపిస్తాయి, వాటి మధ్య కొత్తగా పెరుగుతున్న వేలెడంత కొమ్మలూ కనిపిస్తాయి. ఆ చిన్న కొమ్మలనే ఎక్కువసేపు చూడండి. ఈ దీవి చుట్టూ సముద్రపు గడ్డి మేసే డుగాంగులు అనే సముద్ర క్షీరదాలు కూడా ఉన్నాయి. డుగాంగు ఈ కేంద్రపాలిత ప్రాంతపు అధికారిక జంతువు. కనిపించడం అరుదు. కనిపిస్తే పడవ ఇంజన్ ఆపమని చెప్పి దూరం నుంచే చూడాలి.

స్కూబా డైవింగ్ చేయాలనుకునేవారు దాన్ని యాత్ర మొదట్లోనే పెట్టుకోవాలి. డైవింగ్ తరువాత కనీసం 18 గంటలు గడవనిదే విమానం ఎక్కకూడదు, శరీరంలో కరిగిన నైట్రోజన్ బుడగలు కట్టి ప్రాణం మీదికి తెస్తుంది. ఆస్తమా, గుండెజబ్బు, చెవి సమస్యలు ఉన్నవారు ఆ సంగతి దాచకుండా చెప్పాలి.

జాగ్రత్త పడవలసినవి

అండమాన్ తీరాల్లో ఉప్పునీటి మొసళ్ళు ఉన్నాయి. అవి ముఖ్యంగా మడ అడవులు, వాగులు సముద్రంలో కలిసే చోట్ల తిరుగుతాయి. అటువంటి చోట్ల నీళ్ళకు దూరంగా ఉండాలి. సంజచీకటి వేళ, రాత్రి వేళ ఎక్కడా నీళ్ళలోకి దిగకూడదు. హెచ్చరిక బోర్డు ఉన్న చోట, గస్తీవారు ఈల వేసిన చోట వాదన పెట్టుకోవద్దు.

రాళ్ళ మధ్య రాయిలాగే పడి ఉండే రాయిచేప వెన్నుముళ్ళలో విషం ఉంటుంది. గుచ్చుకుంటే ఆ భాగాన్ని చర్మం కాలని మేరకు వేడి నీళ్ళలో ఉంచి, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. శంకువు ఆకారంలో అందమైన చారలున్న బతికున్న గవ్వలు కొన్ని విషపు ముల్లు విసురుతాయి, ఏ గవ్వనూ చేత్తో తీయవద్దనడానికి అదొక కారణం. పగడం గీరుకుంటే చిన్న గాయమని వదిలేయకుండా మంచినీళ్ళతో బాగా కడిగి మందు రాయాలి, లోపల నలుసులు మిగిలితే చీము పడుతుంది. ఇసుకలో ఉండే చిన్న ఈగలు సాయంత్రం పూట కుడతాయి, గోకితే పుండ్లవుతాయి. నేరుగా ఇసుక మీద కాకుండా మందపాటి దుప్పటి మీద కూర్చోవాలి. దీవిలో ఉన్నది చిన్న ఆరోగ్య కేంద్రమే కాబట్టి రోజూ వాడే మందులు వెంట ఉండాలి.

అల వెనక్కు లాగి లోపలికి తీసుకుపోతే ఒడ్డు వైపు ఎదురీదవద్దు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, లాగుడు తగ్గాక ఒడ్డుకు తిరగాలి.

ఇంకొకటి చెప్పాలి. 2004 డిసెంబరు 26 సునామీ ఈ దీవులను ఎలా ముంచిందో తెలిసిందే. ఆ భూకంపానికి దక్షిణ అండమాన్ నేల కుంగింది, ఉత్తర అండమాన్‌లో కొన్ని పగడాలు నీళ్ళ పైకి లేచి ఎండిపోయాయి. నిలబడలేనంతగా గానీ, చాలాసేపు గానీ భూమి కంపిస్తే, లేదా పట్టికలో పాటు వేళ కానప్పుడు సముద్రం ఒక్కసారిగా వెనక్కు వెళ్తే, హెచ్చరిక కోసం ఎదురుచూడకుండా ఎత్తైన చోటికి పరుగెత్తాలి. ఆనాటి పాటు వేళ తెలిసినవారికే అది మామూలు పాటు కాదని ముందుగా అర్థమవుతుంది.

తిరుగు ప్రయాణానికి ముందు

పగడాలు, సముద్ర దోసకాయలు, కొన్ని రకాల గవ్వలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ పొందినవి. ఒడ్డున దొరికిన చచ్చిన పగడపు ముక్క కూడా ఆ కిందికే వస్తుంది. విమానాశ్రయంలో సామాను తనిఖీలో అవి బయటపడితే స్వాధీనం చేసుకుంటారు, కేసూ కావచ్చు. ఖాళీ గవ్వలను కూడా వదిలి రావాలి, అవి లేకపోతే పెరుగుతున్న శంఖపు పీతలకు మారడానికి ఇల్లు దొరకదు. పిల్లల జేబులు, బకెట్లు, చెప్పుల సందులు గదిలోనే ఒకసారి దులిపి చూసుకోవాలి. మీరు తెచ్చిన ప్లాస్టిక్ సీసాలు, పొట్లాలు సంచిలో వేసుకుని శ్రీ విజయపురం వరకు వెనక్కు తీసుకురావాలి, ఇంత చిన్న దీవిలో చెత్తకు చోటు లేదు.

తిరుగు పడవ మధ్యాహ్నమైతే ఆ ఉదయం ఖాళీగానే ఉంటుంది. పట్టిక చూసి, పోటు నిండుగా ఉంటే జెట్టీ పక్కనే ఉన్న భరత్‌పూర్‌లో మరోసారి నీళ్ళలోకి దిగవచ్చు. పాటు అయితే అదే ఒడ్డు వెంట నడుస్తూ జెట్టీకి చేరవచ్చు, ఉత్తరాన హావ్‌లాక్ దీవి ఆ దారి పొడుగునా కనిపిస్తూనే ఉంటుంది.